లంగరు వీధిలో గాజుపూత

1వ రోజు

ఓడ బస్సు దిగేసరికి నా మోకాళ్ళు రెండూ మొరాయించాయి. నా వెనక ఆరుగురు విద్యార్థులు, ఆరు సంచులు, ఒక పెట్టెలో పదకొండు గోడచెవులు. పాత బీచ్ రోడ్డు మీద నడుములోతు నీళ్ళున్నాయి కాబట్టి లంగరు వీధికి ఇప్పుడు ఓడ బస్సు తప్ప వేరే దారి లేదు.

ఈ కోర్సుకు ‘వీధి పాఠం’ అని పేరు పెట్టింది నేనే, పందొమ్మిదేళ్ళ క్రితం. ఆర్కిటెక్చర్ చివరి సంవత్సరం పిల్లలు ఇరవై నాలుగు రోజులు ఏదో ఒక పాత పేటకు వచ్చి, అక్కడి వాళ్ళతో కలిసి, కూలిపోతున్నదాన్ని తమ చేతులతో నిలబెట్టాలి. మొదటి ఏడాది అరవై మంది చేరారు. ఈసారి ఆరుగురు. వచ్చే ఏడాది కోర్సే ఉండదని ప్రిన్సిపాల్ మర్యాదగానే చెప్పాడు. “ఇళ్ళన్నీ గోడలు పోసే పోతయంత్రాలే కడుతున్నాయి కదా సత్యవేణిగారూ, పిల్లల చేతులకు మట్టెందుకు?” అన్నాడు. నేను వాదించలేదు. ఆ ఓపిక పోయిన ఏడాదే అయిపోయింది.

వీధి మొదట్లో స్తంభానికి పలక వేలాడుతోంది. పసుపు రంగు. అంటే, ఏ వీధి ఉండాలో తేల్చే తీరమండలి పటంలో ఇది ఇంకా ఉంది. సముద్రపు గోడ కాపు కాస్తుంది, మంచినీళ్ళ గొట్టం పనిచేస్తుంది. ఎరుపు పడితే రెండూ పోతాయి, మనుషుల్ని మిట్ట మీది పోత మేడలకు తరలిస్తారు. ఆకుపచ్చ పలకను ఈ దిక్కున చూసి చాలాకాలమైంది.

మధ్యాహ్నానికి పదకొండు ఇళ్ళ గోడలకూ చెవులు బిగించాం. ఒక్కొక్కటీ రూపాయి బిళ్ళంత ఉంటుంది. గోడలో ఎంత చెమ్మ ఉందో గంటగంటకూ పటానికి చెబుతుంది. అవి బిగిస్తేనే వర్క్‌షాపుకు అనుమతి అని తీరమండలి షరతు.

చివరి ఇల్లు బొడ్డేపల్లి సన్యాసమ్మది. డెబ్బై రెండేళ్ళ మనిషి, యాభై ఏళ్ళుగా తాపీ పని చేస్తోంది. పిల్లలకు సున్నం పని నేర్పడానికి ఒప్పుకుంది. నా విద్యార్థిని తరళ చేతి తొడుగుల్ని తన వేళ్ళతో పట్టి చూసింది.

“ఏటే గుంటా ఇవి?”

“సున్నం కాలుతుందని, మామ్మా.”

“కాల్తాది, నిజివే. మట్టి కాల్దు కదా. ముందు మట్టి ముట్టుకో. సున్నం సంగతి తర్వాత సూద్దారి.”

తరళ తొడుగులు తీసింది. నా వైపు మాత్రం సన్యాసమ్మ చాలాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

4వ రోజు

ఇటుకను నానబెట్టడం, మట్టం చూడటం, తాపీ పట్టుకోవడం. నాలుగు రోజులకు ఇంతవరకూ వచ్చాం. ఒకప్పుడు రెండు రోజుల్లో అయ్యేది. అప్పటి పిల్లలు కనీసం ఇసుకలో ఆడుకుని పెరిగినవాళ్ళు.

ఆరుగురిలో ఒకడైన ఇలియాస్ మిట్ట మీదే పుట్టాడు. మేడల్లో కిటికీలు తెరుచుకోవు, గాలి గొట్టాల్లోంచి వస్తుంది. సన్యాసమ్మ ఇంటి కిటికీని ఈ రోజు అయిదారుసార్లు తీశాడు, వేశాడు. “ఓర్నాయనా, ఆ బందులు ఊడిపోతాయి” అని ఆమె కసిరింది. అయినా మరోసారి తీశాడు. ఆ పిల్లవాణ్ణి చూస్తే నవ్వొచ్చింది. నవ్వడానికి కూడా కాస్త శ్రమ పడాల్సి వచ్చింది.

గోడల అడుగున ఇటుక పిండిలా రాలుతోంది. తెల్లగా ఉప్పు పూస్తోంది. ఆ పైన అద్దంలా మెరుస్తున్న పొర ఒకటి ఉంది.

“ఇదేంటి మేడమ్?” అని తరళ అడిగింది.

“గాజుపూత. నీళ్ళు లోపలికి దిగకుండా గోడంతా చల్లుతారు. పాతది.”

అది ఎవరు వేయించారో చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్ని అనుకున్నాను. అడగలేదు.

7వ రోజు

పొద్దున్న వచ్చేసరికి పలక నారింజ రంగులోకి మారింది. పసుపుకూ ఎరుపుకూ మధ్య ఉన్నది ఇదొక్కటే, ఆఖరి మెట్టు. వీధి మొత్తం పలక కింద నిలబడి ఉంది. ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది.

నూకాలు అనే ఆమె, మూడో ఇంటావిడ, చంకలో పిల్లతో నా ముందుకొచ్చింది. “ఇన్నేళ్ళూ పసుపులోనే ఉన్నాం. మీరొచ్చి ఆ బిళ్ళలు అంటించి వారం కాలేదు. మా గోడలు మా మీదే సాచ్చీకం సెప్తన్నాయి మీ మూలాన.”

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. గోడలు అంతకుముందూ చెమ్మగానే ఉన్నాయి, కానీ పటానికి తెలియదు. ఇప్పుడు తెలిసింది. వీధి సగటు చెమ్మ పందొమ్మిది శాతం. ఇరవై నాలుగు దాటితే ఎరుపు, వీధి మొత్తానికైనా ఒక్క ఇంటికైనా. ఏ రంగో తేల్చే తీరమండలి విచారణ ఇరవై నాలుగో రోజున అని నోటీసు వచ్చింది. గోడల్లోకి సముద్రం ఊరుతోందని, ఈ నేల ఇక నిలవదని పటం నమ్ముతోంది.

మధ్యాహ్నం పిల్లలెవరూ అన్నం సరిగా తినలేదు. పందొమ్మిదేళ్ళుగా నేను వాళ్ళకు చెబుతున్నది ఒక్కటే: ముందు కొలవండి, తర్వాత మాట్లాడండి. కొలిచాం. ఇప్పుడు మాట్లాడటానికి నోరు రావడం లేదు.

9వ రోజు

తరళ నన్ను చెయ్యి పట్టుకుని సన్యాసమ్మ వంటింట్లోకి తీసుకెళ్ళింది. పొయ్యి వెనక అరచేయంత మేర గాజుపూత ఒలిచి ఉంది.

“ముట్టుకోండి మేడమ్.”

ఇటుక నానబెట్టిన గుడ్డలా ఉంది.

“ఇప్పుడు ఇక్కడ చూడండి.” గోడ పక్కన మోకాలి లోతు గొయ్యి తవ్వి పెట్టింది. అడుగున మట్టి పొడిగా ఉంది. “రెండు రోజులుగా పోటు, ఆటు చూస్తూ రాసుకున్నాను. సముద్రం పెరిగినా చెమ్మ పెరగడం లేదు, తగ్గినా తగ్గడం లేదు. సముద్రం గోడలోకి రావడం లేదు మేడమ్. పైకప్పు కారిన వాన, వంటింటి ఆవిరి, ఇవే గోడలోకి చేరి బయటికి పోలేక అక్కడే ఉంటున్నాయి. ఈ పూత వాటిని బంధించేసింది. పూత తీసేసి సున్నం వేస్తే గోడ ఆరిపోతుంది. వీధి నిలుస్తుంది.”

ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. ఇలాంటి ముఖం కోసమే నేను ఈ పాఠం మొదలుపెట్టాను. అది చివరికి ఇవాళ, ఇక్కడ కనిపించింది.

“ఇంత పని ఎవరు చేశారు మేడమ్? ఏ ఇంజినీరు చెప్పాడు వీళ్ళకి?”

“నేనే” అన్నాను.

ఇరవై ఒక్క ఏళ్ళ క్రితం ఈ పేట పునరుద్ధరణ పథకం నాది. నాకప్పుడు ముప్పై ఏడు. పదకొండు ఇళ్ళకూ నాలుగు రోజుల్లో గాజుపూత చల్లించి, మెరుస్తున్న గోడల ముందు నిలబడి ఫొటో దిగాను. పాత తాపీ మేస్త్రీలు కొందరు వద్దన్నారు. గోడకు ఊపిరాడదన్నారు. నా నివేదికలో ఆ మాటను ‘స్థానికుల అపోహలు’ అనే శీర్షిక కింద రాశాను.

తరళ తాను తవ్విన గొయ్యిని చేతులతో పూడ్చడం మొదలుపెట్టింది. కాసేపటికి నేనూ కూర్చుని పూడ్చాను.

10వ రోజు

వీధి వాళ్ళందరినీ ఓడ బస్సు రేవు దగ్గర కూర్చోబెట్టి చెప్పాను. గాజుపూత వేయించింది నేనని, మీ గోడలు కుళ్ళడానికి కారణం అదేనని, విచారణలో ఈ మాటే చెప్పి సంతకం పెడతానని. నూకాలు లేచి ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. మరో ఇద్దరు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు నేల చూపులు చూస్తూ కూర్చున్నారు.

సన్యాసమ్మ మాత్రం తాపీకి అంటిన మట్టి గీకుతూ, “నాకు తెలుసు” అంది.

“ఎప్పటినుంచి, అప్పా?” అన్నాను, అక్కను ఈ వైపు పిలిచే పిలుపుతో.

“నువ్వు పడవ దిగిన రోజే ఆనవాలు పట్టీసినాను. జుత్తు నెరిసింది గానీ నడక అదే. ఆ రోజు నీకు సెప్పిన మేస్త్రీల్లో నానూ ఉన్నాను. నువ్వు నా వైపు సూళ్ళేదు.”

“మరి ఈ పది రోజులూ అడగలేదేం?”

“నీ నోటితో నువ్వే సెప్తావో నేదో సూద్దారని.”

తాపీని పక్కన పెట్టి, ఆమే మళ్ళీ అంది: “సరే, అయిందేదో అయింది. ఒక ఇల్లు ఒలిచి ఆరబెట్టి సూపిత్తే మండలోళ్ళు నమ్ముతారా?”

“నమ్మొచ్చు. కానీ ఒక సంగతుంది. పూత తీయగానే లోపలి తడంతా బయటి ముఖానికి వస్తుంది. మొదట్లో చెమ్మ ఇంకా ఎక్కువ చూపిస్తుంది. ఎరుపు గీత కూడా దాటొచ్చు. ఎనిమిది, పది రోజులకు దిగడం మొదలవుతుంది.”

“ఇచారణకి పద్నాలుగు రోజులుంది కదేటి?”

“ఉంది.”

“అయితే నా గోడే ఒలవండి. ఈ పిల్లలు మొదటిసారి పని నేర్సుకోడానికి ఇంకొకరి కొంప ఎందుకు?”

13వ రోజు

మూడు రోజులుగా ఒలుపుడే. గాజుపూత అట్టలు అట్టలుగా లేస్తుంది, ప్రతి అట్టతోనూ పాత ఇటుక కొంచెం ఊడొస్తుంది. ఇలియాస్ చేతులు బొబ్బలెక్కాయి. మందు రాయబోతే, ముందు మామ్మకు చూపించాలని పరుగెత్తాడు. ఆమె చూసి, “ఇప్పుడు నీవి మేస్త్రి సేతులు” అంది. సాయంత్రం దాకా ఆ చేతుల్ని అందరికీ చూపిస్తూనే ఉన్నాడు.

సన్యాసమ్మ పెరట్లో సున్నపు గుంట ఉంది. గవ్వలూ ఆల్చిప్పలూ కాల్చి తడిపిన గుల్ల సున్నం, రెండేళ్ళుగా నీళ్ళ కింద మగ్గుతోంది. గరిట పెడితే వెన్నలా లేచింది. దానికి ఇసుక, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, కాస్త బెల్లం. కొలత ఎంతో రాసుకోవాలని తరళ పుస్తకం తీసింది. “రాయకు, సెయ్యి పెట్టి కలుపు. వేలికి అంటీ అంటనట్టుండాల” అని ఆమె పుస్తకం మూసేసింది. తడి కాస్త లాగే దాకా గోడను తెరిచే ఉంచాం. అంతవరకూ పెరటి ప్రహరీ మీద పూసి నేర్చుకున్నారు.

ఇంటి గోడ చెమ్మ ఈ రోజు ఇరవై ఆరు. గీత దాటింది. నేను చెప్పినట్టే జరుగుతోంది, అయినా ఆ అంకె చూసినప్పటినుంచీ నడుము నొప్పి ఎక్కువైంది.

16వ రోజు

బంగాళాఖాతంలో వాయుగుండం. తుఫాను రాకముందే ఎవర్ని తరలించాలో తేల్చాలట. విచారణను ఎల్లుండికి, అంటే పద్దెనిమిదో రోజుకు జరిపారు. ఆరు రోజులు పోయాయి. గోడ ఇరవై ఏడు దగ్గర నిలబడి ఉంది.

ఇలియాస్ నన్ను పక్కకు పిలిచాడు. “మేడమ్, చెవి ఒక్కటి ఊడదీసి కిటికీ పక్కన పొడి ఇటుకకు పెడదాం. రెండు రోజులే కదా. తర్వాత ఎలాగూ గోడ ఆరుతుంది. మనం చెప్పేది అబద్ధం కాదు, కాస్త ముందుగా చెప్పే నిజం.”

నేను కసరాలి. కసరలేదు. లోపలికి వెళ్ళి చెవిని ఊడదీశాను. చాలాసేపు అరచేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఒక్క బిళ్ళ. రెండు మూరల దూరం. ఇరవై ఒక్క ఏళ్ళ క్రితం చేసిన తప్పు కంటే ఇది ఎంత చిన్నది!

చివరికి పెరట్లోకి వెళ్ళి సన్యాసమ్మకే చెప్పాను. ఇల్లు ఆమెది. ఆమె వద్దనాలని కోరుకున్నానో, సరే అనాలని కోరుకున్నానో నాకే తెలియదు.

ఆమె సున్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. “అది పట్టుబడితే?”

“మన నివేదిక మొత్తం కొట్టేస్తారు. పదకొండు ఇళ్ళూ ఎరుపే.”

“మరింకేటి అడుగుతన్నావు? ఎక్కడ తీసినావో అక్కడే పెట్టీ.”

“నీ ఇల్లు పోతుందేమో అప్పా.”

“తెలుసు.” ఆమె మళ్ళీ సున్నం కలపసాగింది. “ఈ ఇల్లు మా ఆయనా నానూ కట్టుకున్నాం. ఒక్కో ఇటుకా ఎక్కడుందో సెప్పగలను. అబద్ధం మీద నిలబడితే అది మా ఇల్లవదు.”

చెవిని మళ్ళీ అదే చోట పెట్టాను. నా వేళ్ళకు ఆ మరలు దొరకలేదు. ఇలియాస్ వచ్చి బిగించాడు.

18వ రోజు

విచారణ రేవు హాల్లో, పొద్దున పది గంటలకు. తీరమండలి తరఫున కోరాడ విశ్వంభర అనే అధికారి వచ్చాడు. నా వయసువాడే, కళ్ళ కింద నల్లటి చారలు. ఈ వారంలో ఇది ఆయనకు పన్నెండో వీధి.

తరళ నిలబడి చెప్పింది. గొయ్యి, పోటు, ఆటు, పూత. చివర్న పొద్దున చదివిన అంకె: ఇరవై ఆరున్నర. మొదటిసారి దిగింది. “ఇంకో అయిదు రోజులిస్తే గీత కిందికి వస్తుంది సార్” అంది.

“అమ్మాయ్, నేను నమ్ముతున్నాను” అన్నాడాయన. “పటం నమ్మదు. కారణం నేల కాదని రుజువు కావాలంటే, ఆ పూత వేయించిన ఇంజినీరు తప్పు ఒప్పుకుని సంతకం చేయాలి. అలా ఎవరూ చేయరు.”

నేను లేచి వెళ్ళి సంతకం చేశాను. ఆయన కాగితం చూశాడు, నన్ను చూశాడు. “మీ ఇంజినీరు పట్టా రద్దవుతుంది, తెలుసా?”

“తెలుసు.”

తన చేతిలోని రాతపలక మీద ఏదో రాసుకున్నాడు. చివరికి చెప్పాడు. పది ఇళ్ళకు ఏడాది గడువు, పసుపు. ఆలోగా గాజుపూత మొత్తం ఒలిచి సున్నం వేయాలి. పదకొండో ఇల్లు ఈ రోజుకు గీత పైన ఉంది. గీత దాటిన ఇంటికి మినహాయింపు ఇచ్చే అధికారం తనకు లేదు.

“ఆ ఇల్లు ఒలిచినందుకే కదా మిగతా పదీ నిలిచాయి!” అని తరళ అరిచింది. ఆమెను అలా అరవగా నేనెప్పుడూ వినలేదు.

“అవునమ్మా” అన్నాడాయన, తల ఎత్తకుండా.

వీధి వాళ్ళు సంతోషించలేకపోయారు. నూకాలు తన చంకలోని పిల్లను సన్యాసమ్మ ఒళ్ళో పెట్టి పక్కనే కూలబడింది. సన్యాసమ్మ పిల్ల ముక్కు తుడిచి, “ఎప్పుడెల్లాల?” అని అధికారిని అడిగింది.

“రేపు సాయంత్రంలోగా.”

19వ రోజు

సామాను ఆరుగురూ మోశారు. రెండు ట్రంకు పెట్టెలు, కుట్టు మిషను, తాపీల మూట. సున్నపు గుంట దగ్గర ఆమె ఆగింది. “ఇది మొయ్యడానికవదు. వీధికే ఉండనీ. మీద నీళ్ళు ఆరిపోనీకండి” అని నూకాలుకు అప్పజెప్పింది.

ఓడ బస్సులో నా పక్కనే కూర్చుంది. దారంతా తాపీల మూట ఒళ్ళోనే పెట్టుకుంది. క్షమించమని అడగాలని రెండుసార్లు నోరు తెరిచాను. అడిగితే ఆమె ఏదో ఒకటి జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ బరువు కూడా ఆమె మీద పెట్టడం ఎందుకని మూసుకున్నాను.

మిట్ట మీద పద్నాలుగో అంతస్తు. గోడలు ఒకే పోత, ఎక్కడా అతుకు లేదు. ఆమె చేత్తో గోడ తడిమి, గోటితో గీరి, “ఇది దేంతో సేసినార్రా?” అని ఇలియాస్‌ను అడిగింది. తాను ఇలాంటి గోడల మధ్యే పుట్టి పెరిగినా, అవి దేనితో చేశారో వాడికి తెలియదు. సిగ్గుపడ్డాడు.

22వ రోజు

తుఫాను ఉత్తరానికి మళ్ళింది. మూడు రోజులు హోరుగాలి, మధ్యమధ్య జల్లులు. కాలేజీలోనే ఉండిపోయాం. ఈ మధ్యాహ్నం అంకెలు చూశాను. సన్యాసమ్మ ఖాళీ ఇల్లు ఇరవై మూడు. గీత కింద.

తీరమండలికి రాశాను. గంటలో జవాబొచ్చింది: నీళ్ళ గొట్టం తీసేసిన ఇల్లు పటంలో ఉండదు, లేని ఇంటి అంకెను పరిశీలించలేము. ఆ జవాబు కిందే నా పట్టా రద్దు ఉత్తర్వు ఉంది. ముప్పై నాలుగేళ్ళ పట్టా. రెండూ ఒకే కాగితం మీద ముద్రించి పిల్లలకు చూపించాను. ఎవరికైనా కోపం వస్తుందనుకున్నాను. తరళ చదివి, “ఎల్లుండి ఓడ బస్సు ఎన్నింటికి మేడమ్?” అంది.

“మార్కులు నిన్ననే పంపేశాను. ఇక మీరు రానక్కర్లేదు.”

“తెలుసు మేడమ్. ఎన్నింటికి?”

24వ రోజు

ఆరున్నర బస్సు. ఆరుగురూ వచ్చారు. రేవులో దిగేసరికి నూకాలు ఇంటి ముందు ఇసుక జల్లెడ పడుతూ సన్యాసమ్మ కనిపించింది. మిట్ట నుంచి అయిదున్నర బస్సుకే వచ్చేసిందట.

“అక్కడ ఏటి సెయ్యను? గోడలకి నాతో పని నేదు” అంది.

నూకాలు ఇంటి గోడ మూడు రోజుల ముందే, ఆ జల్లుల్లోనే వీధి వాళ్ళు ఒలుచుకున్నారు. దానికి ఎదురు గాలి బాగా తగులుతుంది, తడి త్వరగా ఆరుతుంది. ఈ రోజు కింది వరసకు మొదటి పూత. పిల్లలు తలో మూల పట్టుకున్నారు. నేను అలవాటుగా వెనక నిలబడి చేతులు కట్టుకున్నాను. ఇక నేను చెప్పాల్సిందీ, సంతకం చేయాల్సిందీ ఏదీ లేదు. అరుగు మీద కూర్చుందామని చూశాను.

సన్యాసమ్మ వచ్చి నా చేతిలో తాపీ పెట్టింది. “ఆ తలుపు పక్క మూరెడు నీది.”

“నాకు రాదు అప్పా. ఎప్పుడూ ప్లాన్లు గీయడమే గానీ...”

“తెలుసు. ఒంగో.”

మోకాళ్ళ మీద కూర్చున్నాను. సున్నం గోడకు విసిరితే సగం నా చీర మీదే పడింది. మిగిలినదాన్ని రుద్దాను. ఆమె వచ్చి చూసి, చేత్తో మొత్తం లాగి తట్టలో వేసింది. “గట్టిగా అదిమీసినావు. మళ్ళీ.”

రెండోసారి ఇంకాసేపు పట్టింది. భుజం పీకేస్తోంది. ఆమె వేలితో నొక్కి చూసి, మళ్ళీ లాగేసింది. ఈసారి ఎందుకో చెప్పలేదు. ఇలియాస్ నా వైపు చూసి చప్పున తల తిప్పుకున్నాడు.

మూడోసారి గోడ తడిపాను. ఇటుక నీళ్ళు పీల్చే చప్పుడు వినిపించే దాకా ఆగాను. చెయ్యి వదులుగా పట్టి, కింది నుంచి పైకి లాగాను. చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవడానికి శుభ్రమైన వేలు ఒక్కటీ లేదు.

సన్యాసమ్మ వచ్చి నిలబడింది. అరచెయ్యి గోడకు ఆనించి, కాసేపు అలాగే ఉంచింది. ఈసారి లాగేయలేదు. తట్ట ఎత్తుకుని తరళ వైపు వెళ్ళిపోయింది.

నేను పక్క మూర తడపడం మొదలుపెట్టాను.